ప్రథమ విమానయానము: ప్రమాణ విచారము

మొట్టమొదట యంత్రబలముచే గాలిలో నెగిరినవాడెవడని ఫ్రాన్సున నడిగినచో ఆదేరు పేరును, బ్రెజిలున నడిగినచో సాంతోస్ ద్యూమో పేరును, న్యూజీలండున నడిగినచో పియర్సు పేరును, అమెరికాలోనే కనెక్టికట్ రాష్ట్రమున నడిగినచో వైట్‌హెడ్ పేరును వినవచ్చును. మన దేశమున బొంబాయివాసి తల్పడే పేరు చెప్పువారును గలరు. తక్కిన లోకమెల్ల రైటు సోదరులనును. ఒక్క ప్రశ్నకు ఇన్ని యుత్తరములు వచ్చినప్పుడు, ఉత్తరములను గూర్చి కలహించుటకు ముందు ప్రశ్ననే పరీక్షింపవలయును గదా.

లక్షణము చెప్పువాడు అతివ్యాప్తి, అవ్యాప్తి యను దోషములను తప్పించుకొనవలెనని మన తార్కికుల నియమము. ఈ వివాదమంతయు ఆ నియమమును మరచుటచేతనే పుట్టినది. నేల విడుచుటయే యెగురుట యన్నచో, 1890 అక్టోబరు 9న ఆవిరియంత్రముతో జానెడెత్తున నించుమించు 50 మీటర్లు సాగిన క్లెమాన్ ఆదేరు గెలిచినట్లే. కాని యప్పుడు గంతు వేసిన కప్పయు ఖేచరమే యగును. ఇది యతివ్యాప్తి. తన చక్రములపైనే పరుగెత్తి, వెలుపలి సాయమేమియు లేక, జనుల యెదుట లేవవలెనన్నచో, 1906 నవంబరు 12న పారిసునందు 220 మీటర్లు పోయిన సాంతోస్ ద్యూమోదే ప్రథమ స్థానము. కాని యప్పుడు 1905 అక్టోబరు 5న 39 నిమిషములు గాలిలో నుండి 24 మైళ్లు తిరిగిన రైటుల యంత్రము, పైనుండి జారవిడిచిన బరువు లాగగా లేచినదను కారణముచేత విమానమే కాకపోవును. ఇది యవ్యాప్తి. ఇక 1903 డిసెంబరు 17న ఆ బరువు సాయము సయితము లేదు. పట్టామీద నుండి, బలమైన యెదురుగాలిలో, తన యంత్రముతోనే అది లేచినది. బ్రెజిలు పక్షమువారు ఈ రెండు సంవత్సరములను కలగలుపుట న్యాయము కాదు.

ఆ దినమున మొదటి యానము 12 సెకండ్లు, 120 అడుగులు. నాలుగవది 59 సెకండ్లు, 852 అడుగులు. అయిదుగురు సాక్షులుండిరి, ఛాయాచిత్రమున్నది. ఇంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. ఆ సోదరులు 1901లో గాలిగొట్టము నిర్మించి రెక్కల యాకృతులను పరీక్షించిరి. 1902లో యంత్రము లేని విమానముతో ప్రక్కకు వ్రాలుటను, మరలుటను, లేచుటను వశపరచుకొనిరి. 1903 నాటి 12 సెకండ్లు ఆకస్మికములు కావనుటకు ఈ పూర్వోత్తరములే సాక్ష్యము. ఆదేరునకు గాని వైట్‌హెడ్‌నకు గాని ఇట్టి పరంపర లేదు.

ఇంత ప్రబలమైన పక్షమును గూడ పండితులే యెట్లు చెరచిరో చూడుడు. స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శియైన లాంగ్లీ గొప్ప విద్వాంసుడు. 1896లో ఆయన చేసిన మనుష్యుడు లేని విమానము అరమైలుకు మించి యెగిరినది. సైనికశాఖ యిచ్చిన 50,000 డాలర్లతో మనుష్యుని మోయుదానిని నిర్మించెను. అది 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న ఒకసారి పోటోమాక్ నదిలో కూలెను. లాంగ్లీ 1906లో గతించెను. 1914లో ఆ సంస్థవారే ఆ యంత్రమును కర్టిస్ చేతికిచ్చి యెగిరింపు మనిరి. అప్పుడు కర్టిస్ పేటెంటు హక్కుల వ్యాజ్యెములో రైటులకు ప్రతివాది! ఆయన రెక్కలు మొదలుగా పెక్కు భాగములను మార్చి, నీటిపై నుండి కొద్దిపాటిగా లేపెను. తరువాత దానిని మరల 1903 నాటి రూపమునకు దిద్ది, మనుష్యుని మోసి యెగురగల ప్రథమ విమానమిదియే యను ఫలకము తగిలించి ప్రదర్శించిరి. మార్చి యెగిరించుట పరీక్ష యనవచ్చును. మార్పులను చెరిపి ఫలకము తగిలించుట కేమి పేరు పెట్టవలెను? ఆర్విల్ రైటు మనసు విరిగి 1928లో తన యంత్రమును లండను ప్రదర్శనశాలకు పంపివేసెను. సంస్థ ఆ మార్పుల పట్టికను ప్రకటించి దోషమొప్పుకొనుటకు 1942 వచ్చినది. ఆర్విల్ చనిపోయిన సంవత్సరమగు 1948లోనే, డిసెంబరు 17న, ఆ యంత్రము స్వదేశమున ప్రదర్శనకు నిలిచెను.

అయితే దానితోపాటు ఒక యొడంబడిక వచ్చినది. అంతకు ముందరి దేదియు మనుష్యుని మోసి స్వశక్తితో, వశవర్తియై యెగిరెనని సంస్థ ప్రకటించినచో యంత్రమును వారసులకు తిరిగి యీయవలెనట. మునుపటి మోసమును తలచి వారు జాగరూకులైరి, అది సహజమే. కాని సత్యమునకు దస్తావేజుతో కావలి పెట్టినచో సందేహమునకే బలము. వైట్‌హెడ్ పక్షమువారు ఈ కాగితమును చూపియే నేటికిని వాదించుచున్నారు. వారి మూలాధారము 1901 ఆగస్టు 18 నాటి బ్రిడ్జిపోర్టు పత్రికలోని కథనము. అందు పేర్కొనబడిన సాక్షులలో నొకడు తానక్కడ లేనేలేనని తరువాత చెప్పెను. అయినను 2013లో కనెక్టికట్ శాసనసభ వైట్‌హెడ్‌నకే ప్రాథమ్యమిచ్చెను. చరిత్రను చేతులెత్తి నిర్ణయించు పద్ధతి యిది.

మన యింటి మాటయు చెప్పక విడువరాదు. 1895లో తల్పడే చౌపాటీ తీరమున 1500 అడుగులు విమానము లేపెనందురు. ఆనాటి పత్రికలో పడెనని చెప్పువారు ఆ సంచికను చూపిన గదా విచారము సాగును. ఆయనను విద్యాభిమానిగా గౌరవించుటకు ఈ కథ అక్కరలేదు. దీనికి తోడుగా చూపు వైమానిక శాస్త్రము భరద్వాజ ప్రోక్తమని పేరే గాని, సుబ్బరాయశాస్త్రిగారు 1918 మొదలు 1923 వరకు చెప్పగా వ్రాయబడినది. సంస్కృతము చదివినవానికి దాని భాష ఋషుల కాలపుది కాదని తోచుటకు నిఘంటువు వలదు. 1974లో బెంగుళూరు విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు శాస్త్రజ్ఞులు ఆ గ్రంథమును, అందలి శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానముల పటములను పరీక్షించి, గ్రంథము 1904కు పూర్వపుది కాదనియు, వానిలో నేదియు ఎగురజాలదనియు తేల్చిరి. అటు పిమ్మట 41 సంవత్సరములకు, 2015 జనవరిలో, ముంబయి విజ్ఞాన మహాసభలో ఆ గ్రంథము నాధారము చేసికొని యుపన్యాస మొకటి చదువబడినది. దానిని మెచ్చినవారును నిందించినవారును మన యిండ్లలో నేటికిని గలరు. వారిలో ఆ అయిదుగురి పరీక్షను తెప్పించుకొని చదివినవారిని నేనింకను చూడలేదు. అది కొలది పుటలదే.