రంగులో స్వల్ప తేడా

చీరల డిజైను పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్టులోకి వచ్చేశాయి. వాటిని నేను కథల పుస్తకాల్లాగే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాను. కొనేది ఏడాదికి ఒకటో రెండో అయినా చదవడానికి డబ్బులు అక్కర్లేదు కదా! వాటిల్లో నాకు తరచూ ఎదురయ్యే వాక్యం ఒకటుంది. అట్టడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో, "అసలు రంగుకీ ఫోటోలో రంగుకీ స్వల్ప తేడా ఉండవచ్చు" అని. నా విమర్శంతా ఆ ఒక్క వాక్యం మీదే.

అందులో సగం నిజమేనని ఒప్పుకోవాలి. ఒకే బొమ్మ మీ ఫోనులో ఒకలా, పక్కింటావిడ ఫోనులో మరోలా కనిపిస్తుంది. రాత్రిపూట కళ్లకి హాయిగా ఉంటుందని తెరకి పసుపు వెలుగు పెట్టుకుంటే వంగపండు రంగు కాస్తా ముక్కుపొడి రంగు వైపు ఒరిగిపోతుంది. 2015లో ఒక గౌను ఫోటో చూసి కొందరు నీలం, నలుపు అనీ, కొందరు తెలుపు, బంగారం అనీ దేశదేశాల్లో వాదించుకున్నారు. నిజానికది నీలం, నలుపే. మన కళ్లూ మన తెరలూ చేసే చిత్రాలకి డిజైను పెట్టినవాళ్లు మాత్రం ఏం చేస్తారు?

పేచీ అంతా రెండో సగం దగ్గరే. వాళ్ల చేతిలో ఉన్న పని వాళ్లు చేశారా అని.

ఈ తెరల గొడవ తీర్చడానికే 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం పెట్టుకున్నాయి. బొమ్మలో రంగులన్నీ అంకెలుగా ఉంటాయి. ఆ అంకెలకి ఏ రంగని అర్థమో చెప్పే చిన్న చీటీ బొమ్మతోపాటే పంపవచ్చు. దాన్ని ప్రొఫైల్ అంటారు. ఇంటర్నెట్టు బొమ్మలకి మామూలుగా వాడే కొలత ఎస్ఆర్‌జీబీ. 1996లో ప్రతిపాదించారు, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అచ్చు కోసం నాలుగు సిరాల లెక్కలో తయారుచేసిన పుస్తకాన్ని ఈ కొలతలోకి సరిగ్గా మార్చకుండా, చీటీ కూడా లేకుండా పెట్టేస్తే ఏమవుతుంది? చెంచాయో గరిటెయో చెప్పకుండా "ఉప్పు రెండు" అని వంట రాసినట్టవుతుంది!

ఇక వెలుగు సంగతి. జాకెట్టు గుడ్డ మేచింగుకి వెళ్లినప్పుడు, ట్యూబులైటు కింద రెండూ కలిసిపోయినా, "ఉండవయ్యా" అని గుడ్డ పట్టుకుని గుమ్మం బయటికొచ్చి పగటి వెలుగులో చూస్తాం కదూ? ఒక దీపం కింద కలిసిన రంగులు ఇంకో వెలుగులో విడిపోవడాన్ని శాస్త్రజ్ఞులు మెటామెరిజం అన్నారు. మనవాళ్లు పేరు పెట్టకుండానే గుమ్మం దాటారు.

ఈ తేడా వల్ల నష్టపోయేది కొన్నవాళ్లే అనుకోకండి. కలంకారీనే తీసుకోండి. శ్రీకాళహస్తిలో కలంతో గీసినా, పెడనలో అచ్చులతో అద్దినా, సహజమైన రంగులతో చేసిన పనైతే పటిక పట్టించి వేళ్ల రంగులో ఉడికించిన ఎరుపు ఇటుకలా నెమ్మదిగా ఉంటుంది. తెర మీద మెరవాలని ఆ ఎరుపుని పెంచేస్తే కుంకుమై కూచుంటుంది. చీర ఇంటికొచ్చాక "వెలిసిపోయింది అంటగట్టారు" అని తిప్పి పంపేస్తాం. అబద్ధం ఆడింది ఫోటో, మాట పడింది అద్దకం పనివారు. పైపెచ్చు, ఆ మెరుపుకి సరిపోయే రసాయనపు రంగు చీరే అసలు సిసలైనదనిపించుకుంటుంది. దీన్ని స్వల్పమంటారా?

మరి మంచి డిజైను పుస్తకం ఎలా ఉండాలంటే, పగటి వెలుగులో తీసిన బొమ్మ, పోల్చుకోవడానికి పక్కన ఒక బూడిదరంగు అట్టముక్క, లేని మెరుపులు దిద్దకపోవడం, ప్రొఫైల్ చీటీ, రంగు దేనితో వేశారో ఒక్క మాట. అడిగినవాళ్లకి టపాలో బెత్తెడు గుడ్డ పంపితే మరీ సంతోషం. ఇవన్నీ చేశాక ఆ వాక్యం నిక్షేపంగా రాసుకోవచ్చు. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి వెయ్యండి, మా కళ్లజోళ్లకి ఆనుతాయి.