బాండికూట్ మన పందికొక్కే

హిందీ సీమలో పెరిగే తెలుగు పిల్లలకు పందికొక్కు అంటే ‘ఘూస్’. ఇంగ్లీషు పాఠంలోనో, 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ వీడియో గేములోనో ఎదురయ్యేది ‘బాండికూట్’. ఆ రెండోది తమ అమ్మమ్మ నోటి మాటేనని వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మనదే.

ఇది అభిమానం కొద్దీ చెప్పుకునే మాట కాదు. హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు బాండికూట్‌కు మూలం తెలుగు పందికొక్కేనని చెప్పింది. మద్రాసులో మకాం వేసిన ఇంగ్లీషువాళ్లు తమిళం నుంచి తీసుకుని ఉండొచ్చు కదా అని అడగవచ్చు. తమిళంలో దాన్ని పెరుచ్చాళి అంటారు, కన్నడంలో హెగ్గణ. వీటిని ఎంత వంకర తిప్పినా బాండికూట్ పుట్టదు. పైగా మన మాటలో చూపు ఉంది. ఎదురు తిరిగినప్పుడు పందికొక్కు పందిలా గుర్రుమంటుంది. వరి వెన్నులు కొరికి కలుగులోకి లాక్కెళ్లి దాచుకుంటుంది. ఆ కలుగులు తవ్వి గింజలు బయటికి తీసిన యానాదులకు, పంట పోగొట్టుకున్న రైతులకు దాని గుట్టు బాగా తెలుసు. ఇంత పదునైన పేరు పండితులు పెట్టింది కాదు, పొలంలో పుట్టింది.

మరి ఆస్ట్రేలియా బాండికూట్ అసలు ఎలుకే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జంతువు కదా అంటే, నిజమే. 18వ శతాబ్దం చివర అక్కడికి చేరిన ఇంగ్లీషువాళ్లు పోలిక చూసి పేరు తగిలించారు. జాతి తప్పింది గానీ పంది మాత్రం తప్పలేదు: అదీ పొడుగాటి మూతితో నేలను కుళ్లగించి పురుగుల్ని ఏరుకుంటుంది. 20వ శతాబ్దంలో అంతరించిన ఒక రకానికైతే గిట్టల్లాంటి కాళ్లు చూసి ‘పిగ్-ఫుటెడ్ బాండికూట్’ అన్నారు. ఆ పేరులో పంది రెండుసార్లు ఉందని పెట్టినవాళ్లకు తట్టి ఉండదు! అసలు పందికొక్కు జాతికి 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ‘బాండికోటా’ అని శాస్త్రనామం పెట్టాడు. అలా మన మాట జంతుశాస్త్రంలోకీ ఎక్కింది.

పంటను పాడుచేసే జంతువు పేరు చూసుకుని గర్వపడాలా అనేవాళ్లూ ఉంటారు. గర్వం ఆ జంతువును చూసి కాదు, దాన్ని అంత నిశితంగా గమనించినవాళ్లను చూసి. పురుగుకూ పిట్టకూ కలుపుమొక్కకూ వాళ్లు పెట్టిన పేర్లు ఇంకా ఎన్నో మన పెద్దల నోళ్లలో ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి రాసి పెట్టుకోండి, పిల్లలకు చెప్పండి.