అరిగే వాల్వు, ఆగని యాంప్లిఫయర్

వాల్వు రేడియో ఎరిగిన తరానికి స్విచ్చి వేశాక పాట కోసం కాసేపు ఆగడం గుర్తుండే ఉంటుంది. లోపల గాజు గొట్టాలు వేడెక్కితే తప్ప మాట వచ్చేది కాదు. ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ రేడియోలు అటకెక్కాయి. గిటార్ యాంప్లిఫయర్లలో మాత్రం వాల్వు ఈనాటికీ కొలువులోనే ఉంది. దాని నాదమే అందుకు కారణమని అందరూ చెబుతారు. అది నిజమే కానీ సగం నిజం. నా దృష్టిలో మిగతా సగం ఆ వాల్వు కూర్చునే సాకెట్‌లో ఉంది. ఏ భాగం అరిగిపోతుందో ముందే ఒప్పుకుని, దాన్ని చేత్తో లాగి కొత్తది పెట్టుకునేలా కట్టిన యంత్రం ఇది. 1950లలో తయారైన ఫెండర్ కంపెనీ యాంప్లిఫయర్లు ఇప్పటికీ కచేరీల్లో మోగుతున్నాయంటే కారణం అదే.

ఈ పద్ధతి రేడియో రిపేరు బల్ల మీద పుట్టింది. ఆ యాంప్లిఫయర్లకు పేరిచ్చిన లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తెరిచింది రేడియో రిపేరు షాపే. ఆ రోజుల తర్వాత చాలాకాలం అమెరికాలో మందుల దుకాణాల్లో కూడా వాల్వులు పరీక్షించే యంత్రాలు ఉండేవి. జనం ఇంట్లోని రేడియో, టీవీ వాల్వులు ఊడదీసి తెచ్చుకుని, పోయినదేదో తేల్చుకుని, కొత్తది కొనుక్కుని వెళ్లేవారు. 1960ల తొలినాళ్లలో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం ఫెండర్ బాస్‌మాన్ యాంప్లిఫయర్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకుని తొలి మార్షల్ యాంప్లిఫయర్ కట్టినప్పుడు, ఈ అలవాటు కూడా దాని వెంటే వచ్చింది.

వాల్వు ఎందుకు అరుగుతుంది? మధ్యలో కాథోడ్ అనే సన్నని గొట్టం, దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత ఉంటాయి. లోపలి తీగ వేడికి ఆ పూత నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి చుట్టూ ఉన్న ప్లేటును చేరతాయి. ఏళ్లు గడిచేకొద్దీ పూత సత్తువ తగ్గుతుంది. స్పీకరును నడిపే పవర్ వాల్వులు ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి మోస్తాయి కాబట్టి ముందు అవే అలసిపోతాయి. మంద్రస్వరాలు బిగువు కోల్పోతాయి, పై స్వరాల్లో మెరుపు తగ్గుతుంది. జంటగా పనిచేసే పవర్ వాల్వుల్లో ఒకటి మరీ బలహీనపడితే అంతవరకు వినపడని గుయ్ మనే హోరు మొదలవుతుంది. ముందు వరసలోని చిన్న 12ఏఎక్స్7 వాల్వులు మాత్రం చాలా ఏళ్లు వస్తాయి. వాటిని పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు ఏది గంటలా మోగితే దాన్ని మార్చాలి. అన్నీ ఒకేసారి మార్చేయడం దండగ. కంటికి కనిపించే గుర్తులూ ఉన్నాయి. గాజు లోపలి వెండిపూత తెల్లబడితే గాలి చొరబడినట్టే, ఆ వాల్వు పని అయిపోయినట్టే. ప్లేటు ఎర్రగా కాలుతుంటే వెంటనే స్విచ్చి కట్టేయాలి. గాజు గోడ మీద నీలి వెలుగు చూసి మాత్రం భయపడనక్కర్లేదు, అది మామూలే.

బల్బు మార్చినట్టు మార్చేస్తే పోదా అనేవారున్నారు. 12ఏఎక్స్7 విషయంలో ఆ మాట చెల్లుతుంది. పవర్ వాల్వుల విషయంలో చాలా యాంప్లిఫయర్లకు చెల్లదు, ఎందుకంటే పాట లేనప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో బయాస్‌తో నిర్ణయించాలి. ఈఎల్34 వాల్వునే తీసుకోండి. దాని ప్లేటు తట్టుకునే వేడి 25 వాట్లు. ఊరికే ఉన్నప్పుడు అందులో 70 శాతం దాటనివ్వకపోవడం వాడుక, అంటే 17.5 వాట్లు. ప్లేటు దగ్గర 450 వోల్టులుంటే, భాగించగా వచ్చేది సుమారు 39 మిల్లీయాంపియర్లు. కాథోడ్‌కీ భూమికీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ ఉంటే మల్టీమీటరు మీద 39 మిల్లీవోల్టులు కనపడేదాకా చిన్న స్క్రూ తిప్పుతారు. కరెంటు తక్కువైతే ధ్వని చల్లబడి పేలవమవుతుంది, ఎక్కువైతే వాల్వు తొందరగా కాలిపోతుంది. వాక్స్ ఏసీ30 లాంటివి తమంతట తామే సర్దుకుంటాయి, వాటికి స్క్రూ ఉండదు. చెవి, కన్ను, మీటరు మూడూ ఒక తీర్పు మీదికి రావడమే ఈ పనిలోని విద్య.

అసలు అభ్యంతరం వేరే ఉంది. డిజిటల్ యంత్రాలు ఇదే నాదాన్ని తేలిగ్గా, చవగ్గా ఇస్తున్నప్పుడు ఈ బరువు, ఈ వేడి ఎందుకు? రికార్డు విని రెంటికీ తేడా చెప్పడం చాలామందికి కష్టమేనని ఒప్పుకుంటాను. కానీ చిప్పు పోయిన పెట్టెను వాయించేవాడు తెరిచి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. తయారీదారు ఆ బోర్డును ఆపేసిన రోజే దాని ఆయువు తీరుతుంది. వాల్వు తయారీ కూడా తగ్గిపోయిందిగా అంటే, తగ్గింది, నిజమే. ఇంగ్లండ్‌లో మల్లార్డ్, అమెరికాలో ఆర్‌సీఏ ఎప్పుడో ఆపేశాయి. అయినా రష్యా, స్లొవేకియా, చైనాల్లో కొత్తవి తయారవుతూ వచ్చాయి. ఒకే రకం వాల్వును ఎవరు చేసినా అదే సాకెట్‌లో దిగుతుంది. మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియోల కోసం ఒకప్పుడు చేసిన ఈసీసీ83, 12ఏఎక్స్7కే యూరప్ పేరు. ఆ పాత వాల్వు ఇవాళ ఏ దేశపు గిటార్ యాంప్లిఫయర్‌లో పెట్టినా పలుకుతుంది.

ఈ పనికి దిగేవారు రెండు సంగతులు మరవకూడదు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం తీయగలదు. చాసిస్ విప్పి బయాస్ చూసే పని తెలిసినవారికే వదిలేయండి. స్పీకరు తగిలించకుండా యాంప్లిఫయర్ మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వెనక నుంచి వాల్వు ఊడదీయడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. చల్లారాక అడుగున పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ నిటారుగా లాగాలి. తీసిన వాటిలో ఇంకా బాగున్నవి ఉంటే పారేయకండి. తేదీ రాసి పెట్టెలో దాచండి. రేపు హోరు వచ్చినప్పుడు ఏ వాల్వు పోయిందో తేల్చేది అవే.