కథ నిలబడిన నేల: ముందుమాట

జపాన్ మీద ఇవాళ్టి తెలుగు పిల్లలకున్నంత ఇష్టం మా తరానికి లేదు. అనిమే సినిమాలు, మాంగా బొమ్మల కథలు, సమురాయ్ నవలలు వాళ్ళకు ఇంట్లోనే దొరుకుతున్నాయి. నక్క ఆడపిల్లగా మారే కథ, పాతబడ్డ గొడుగుకు ప్రాణం వచ్చే కథ, నదికో దేవుడుండే కథ వాళ్ళకు మన కాశీమజిలీ కథలంత దగ్గరయ్యాయి. పెద్దలు చాలామంది ఆ ఇష్టాన్ని కాలక్షేపమని కొట్టిపారేస్తారు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి మాత్రం ఆ ఇష్టాన్నే చదువుగా మలుచుకుంది. నేను చరిత్ర పాఠాలు చెప్పిన రోజుల్లో నా తరగతిలో కూర్చున్న విద్యార్థిని ఈమె. ముందుమాట రాయమని అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. రాతప్రతి చదవడం పూర్తయ్యేసరికి ఆ సంతోషానికి గౌరవం కూడా తోడైంది.

ఈ సంపుటిలోని వ్యాసాలన్నిటికీ పద్ధతి ఒక్కటే. జపాన్ మీద అల్లిన ఒక అద్భుత నవలనో సినిమానో తీసుకుంటుంది. ఆ కాలం గురించి, ఆ జీవితం గురించి చరిత్రకారులు రాసిన పుస్తకాన్ని పక్కన పెట్టుకుంటుంది. రెండూ కలిపి చదివి, ఒకదాని వెలుగులో రెండోదాన్ని మనకు చూపిస్తుంది. పుస్తకాల దుకాణంలో ఈ రెండు రకాలూ వేర్వేరు అరల్లో ఉంటాయి, వాటిని కొనేవాళ్ళూ వేరే. ఆ ఎడాన్ని చెరిపెయ్యడమే ఈమె చేసిన మంచి పని. అద్భుత కథకు బలం దయ్యాలవల్ల రాదు, మంత్రాలవల్ల రాదు. ఆ లోకంలో జనం ఏం తింటారో, పన్ను ఎవరికి కడతారో, ఇనుము ఎక్కడ కరిగిస్తారో, ఎవరికి భయపడతారో రచయితకు తెలిసి ఉంటేనే మాయ మనల్ని కదిలిస్తుంది. పుస్తకమంతా ఈ ఒక్క సత్యం మీద నడుస్తుంది. నాకు ఇది ప్రాణసమానమైన విషయం కనుక కాస్త వివరంగా చెబుతాను.

జపాన్‌లో చరిత్రా అద్భుతమూ ఒకే పుస్తకంలో పుట్టాయి. క్రీ.శ. 712లో గెమ్మెయి చక్రవర్తిని ఆజ్ఞ మీద కొజికి సిద్ధమైంది. హియెదా నో అరే కంఠస్థం చేసి ఉంచిన వంశావళుల్ని, పురాగాథల్ని ఓ నో యసుమారో అక్షరబద్ధం చేశాడు. ఇజానగి, ఇజానమి దంపతులు దీవుల్ని కనడం, సూర్యదేవత అమతెరసు అలిగి గుహలో దాక్కోవడం, లోకం చీకటైపోతే మిగతా దేవతలు ఆటపాటలతో ఆమెను బయటికి రప్పించడం అందులోనే ఉన్నాయి. అదే పుస్తకం రాజవంశానికి దైవమూలాన్ని కట్టబెట్టిన రాజకీయ పత్రం కూడా. నొరికో ఒగివారా 1988లో ఈ పురాణాల్నే ఆధారం చేసుకుని తన తొలి నవల రాసింది. వెలుగు దేవుడి సంతానానికి చావు లేదు, చీకటి దేవతను కొలిచేవాళ్ళు చచ్చి మళ్ళీ పుడుతుంటారు, వాళ్ళ మధ్య యుద్ధం. వెలుగు పక్షాన పెరిగిన అనాథ బాలిక సయా, తాను చీకటి వంశపు పిల్లనని తెలుసుకుంటుంది. మన రచయిత్రి ఈ నవల మీద రాసిన వ్యాసంలో అడిగిన ప్రశ్న చాలా పదునైనది. కొజికి గెలిచినవాళ్ళ పుస్తకమైతే, ఓడినవాళ్ళ దేవతలు ఎక్కడికి పోయారు? ఒగివారా నవల ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్ళిందని ఈమె నిరూపించిన తీరు నన్ను ఎంతో మెప్పించింది.

అదే ప్రశ్న నహోకో ఉయెహాషి నవలలపై వ్యాసంలో మరింత లోతుకు దిగింది. నా దృష్టిలో ఈ సంపుటికి గుండెకాయ ఆ వ్యాసమే. ఉయెహాషి మానవశాస్త్రవేత్త. ఆస్ట్రేలియా ఆదివాసుల మధ్య పరిశోధన చేసింది. 1996లో మొదలైన ఆమె మొరిబితో నవలల్లో నాయిక బల్సా. వయసు ముప్పై, చేతిలో ఈటె, చేసేది అంగరక్షక వృత్తి. ఆమె కాపాడవలసిన రాకుమారుడి ఒంట్లో నీటి భూతం గుడ్డు పెట్టిందని లోకం భయపడుతుంది. తొలి చక్రవర్తి నీటి రాక్షసుణ్ణి చంపి రాజ్యం స్థాపించాడని ఆస్థానం చెప్పుకుంటుంది. ఆ నేలమీద అంతకు ముందునుంచీ ఉన్న యాకూ జనం చెప్పుకునే కథ వేరు. వాళ్ళ ప్రకారం ఆ గుడ్డు పొదగకపోతే వానలు లేవు, దేశానికి కరువే. పాలకులు తమకు అనుకూలంగా తిద్దిన చరిత్ర పిల్లవాడి ప్రాణం మీదికి తెస్తుంది. ఊళ్ళో ముసలివాళ్ళ నోట మిగిలిన కథ, పంటల పండుగ పాటల్లో దాగిన జ్ఞాపకం అతణ్ణి బతికిస్తాయి. 2014లో ఉయెహాషికి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది. ఆమె నవలల్ని పిల్లల పుస్తకాలని పక్కన పెట్టేవాళ్ళు ఈ వ్యాసం చదివితే మనసు మార్చుకుంటారు. మౌఖిక సంప్రదాయాన్ని చరిత్రకు ఆధారంగా ఎలా వాడాలో చెప్పడానికి నేను తరగతిలో ఎన్నో ఏళ్ళు తంటాలు పడ్డాను. ఉయెహాషి దాన్ని ఒక కథతో చెప్పింది. మన రచయిత్రి ఆ కథలోంచి పాఠాన్ని తేటగా పైకి తీసింది.

హయావో మియజాకి 1997లో తీసిన మొనొనొకె సినిమా మీది వ్యాసమూ అంతే విలువైనది. ఆ కథాకాలం మురొమాచి యుగం. అడవి దేవతలకూ, ఇనుము కరిగించే ఊరికీ మధ్య పోరాటం అందులో కథావస్తువు. పర్యావరణ నీతికథ అని ఒక్క మాటతో సరిపెట్టడానికి ఈమె ఒప్పుకోలేదు. తతారా అనే బట్టీల్లో ఇనుప ఇసుకను కరిగించడానికి ఎంత బొగ్గు కావాలో, ఆ బొగ్గుకోసం ఎన్ని కొండలు బోడివయ్యాయో, ఆ పనిలో ఎవరు బతికారో ముందు వివరించింది. చరిత్రకారుడు అమినో యోషిహికో మధ్యయుగ జపాన్‌ను వరి రైతుల దేశంగా మాత్రమే చూడలేదు. లోహకారులు, జాలరులు, దేశదిమ్మరి కళాకారులు, సమాజం వెలివేసినవాళ్ళు, వీళ్ళందరినీ చరిత్రలోకి తెచ్చాడు. ఆయన రచనలు పక్కన పెట్టుకుని చూస్తే, సినిమాలో తుపాకులు తయారుచేసే కుష్ఠురోగులూ, తిత్తులు తొక్కే ఆడవాళ్ళూ మనకు కొత్తగా కనబడతారు. అప్పుడు ఇనుము కరిగించే ఇబోషి దొరసాని దుష్టపాత్రగా కనబడదు. అడవిని నరికే చేత్తోనే దిక్కులేనివాళ్ళకు అన్నం పెట్టిన మనిషి ఆమె. ఆ చిక్కుముడిని విప్పడానికి తొందరపడకుండా అలాగే ఉంచడంలో రచయిత్రి పరిణతి తెలుస్తుంది.

సమురాయ్‌ల మీద మనకున్న భ్రమల్ని ఈ పుస్తకం ఎంతో ఓపికగా తొలగిస్తుంది. కత్తే ప్రాణంగా బతికే వీరుడి బొమ్మ మన కళ్ళముందుంది. కానీ 1543లోనే పోర్చుగీసువాళ్ళతో పాటు తనెగషిమ దీవికి తుపాకి వచ్చింది. 1575లో నగషినో యుద్ధం నాటికి అది వేల సంఖ్యలో సైన్యాల చేతుల్లోకి చేరింది. 1588లో జపాన్ పాలకుడు హిదెయోషి పల్లె రైతుల దగ్గరున్న కత్తుల్నీ ఆయుధాల్నీ లాగేసుకున్నాడు. వాటి ఇనుమును బుద్ధ విగ్రహ నిర్మాణానికి మేకులుగా వాడతామని ఆజ్ఞలో రాయించాడు. 1603 నుంచి 1868 దాకా సాగిన తొకుగవా పాలనలో యుద్ధాలు దాదాపు లేవు. సమురాయ్‌లలో ఎక్కువమంది దస్త్రాలు రాసుకునే ఉద్యోగులయ్యారు. వాళ్ళ జీతం బియ్యంలో కొలిచేవారు. ఒక మనిషికి ఏడాది తిండికి సరిపడే బియ్యం ఒక కొకు. ఎవరి హోదా ఎంతో ఆ కొకుల లెక్కే చెప్పేది. చావును మహిమగా కీర్తించిన హగకురె అనే గ్రంథం కూడా ఆ శాంతికాలంలో పుట్టిందే. ఇక ప్రపంచానికి బుషిదో అనే సమురాయ్ ధర్మాన్ని పరిచయం చేసిన నితోబె ఇనజో పుస్తకం 1900లో అమెరికాలో, ఇంగ్లిషులో, పాశ్చాత్య పాఠకుల కోసం వెలువడింది. ఈ సంగతులు తెలిసి చదివితే సమురాయ్ నవల రుచి తగ్గదు, ఇంకా పెరుగుతుంది. లియాన్ హెర్న్ 2002లో రాసిన ఓతోరి కథల మొదటి నవలలో అడుగు పెడితే పిట్టలా కూసే నేల ఒకటుంది. అలాంటి నేల క్యోతోలోని నిజో కోటలో ఈనాటికీ ఉంది. ఆ నవలలో రహస్యంగా బతికే భక్తుల వెనక, 1614 నిషేధం తర్వాత హింసలు పడ్డ జపాన్ క్రైస్తవులు కనబడతారని రచయిత్రి చక్కగా పట్టుకుంది.

ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికోసం రాశారు అనే విచారణ ఈమె ఎక్కడా మానలేదు. రూత్ బెనెడిక్ట్ జపాన్ మీద 1946లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. ఆమె జపాన్‌లో కాలు పెట్టలేదు. గెంజి గాథను ఇంగ్లిషులోకి తెచ్చిన ఆర్థర్ వేలీ కూడా వెళ్ళలేదు. 1890లో జపాన్ చేరిన లఫ్కాడియో హెర్న్ అక్కడే పెళ్ళి చేసుకుని, పౌరుడై, కొయిజుమి యకుమో అనే పేరుతో అక్కడే కన్నుమూశాడు. 1904లో వచ్చిన అతని క్వైదాన్ దయ్యం కథల వెనక అతని భార్య సెత్సు గొంతు ఉంది. ఆ కథలెన్నో ఆమె చెబితే అతను విన్నవే. ముఖచిత్రం మీద పేరులేని ఆ ఇల్లాలికి ఈ సంపుటిలో ఒక పూర్తి వ్యాసం దక్కడం ఎంతో సబబు. అలాగే అమీ స్టాన్లీ 2020లో రాసిన చరిత్ర గ్రంథం మీది వ్యాసం కూడా. ఎచిగో ప్రాంతపు మంచుపల్లెలో, గుడి పూజారుల ఇంట పుట్టిన త్సునెనో, మూడు పెళ్ళిళ్ళు విడిపోయాక 1839లో ఎడో నగరానికి నడిచి వెళ్ళి, పనిమనిషిగా బతికింది. ఆమె ఉత్తరాలు ఇంటివాళ్ళు దాచిపెట్టబట్టి ఆ జీవితం మనకు తెలిసింది. ఏ అద్భుత నవలా నాయికకూ తీసిపోని సాహసం ఆమెది.

తెలుగు పాఠకులు జపాన్ కథల ముందు పరాయివాళ్ళుగా నిలబడనక్కర్లేదని ఈ పుస్తకం చివరి భాగం తెలియజేస్తుంది. పన్నెండో శతాబ్దపు కొంజకు కథాసంపుటిలో మొదటి భాగమంతా భారతదేశపు కథలే. అందులో వానకు జారిపడి, కోపంతో నాగరాజుల్ని బంధించి కరువు తెచ్చిన ఒంటికొమ్ము ముని ఉన్నాడు. అతను మన ఋష్యశృంగుడే. అక్కణ్ణుంచి నో నాటకంలోకీ, కబుకి రంగస్థలం మీదికీ నడిచాడు. వీణ పట్టిన బెంజైతెన్ మన సరస్వతి, నరకంలో తీర్పులు చెప్పే ఎమ్మ మన యముడు. 752లో నారా మహాబుద్ధ విగ్రహానికి కళ్ళు తెరిపించిన ఆచార్యుడు భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో ముడిపెట్టి మనం తలుచుకునే ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధులు ఎనిమిది శాఖలకు మూలపురుషుడిగా కొలుస్తారు. క్వైదాన్‌లో 1185 నాటి దన్-నో-ఉరా యుద్ధగాథ పాడే గుడ్డి గాయకుడు హోయిచి ఉన్నాడు. అతణ్ణి ప్రేతాల బారినుంచి కాపాడటానికి ఒళ్ళంతా రాసిన మంత్రపాఠం ప్రజ్ఞాపారమితా హృదయం. ప్రజ్ఞాపారమితా సూత్రాల్ని నాగలోకం నుంచి తెచ్చినవాడు నాగార్జునుడేనని బౌద్ధుల ఐతిహ్యం. ఈ దారుల్ని వెతికి పట్టుకున్నా, అన్నీ మననుంచే వెళ్ళాయన్న గర్వానికి రచయిత్రి పోలేదు. వెళ్ళినవాటిని జపాన్ ఎలా మార్చుకుని తనవిగా చేసుకుందో చూపించడానికే ఎక్కువ పేజీలు ఇచ్చింది. చరిత్ర చదువుకున్న మనిషికి ఉండవలసిన నిగ్రహం అది.

పెద్దవాడిగా ఒకటి కోరతాను. ఈ గ్రంథాల్లో ఎక్కువ భాగం మనకు ఇంగ్లిషు ద్వారానే అందుతున్నాయి. తొత్తోచాన్ కథ 'రైలుబడి'గా వచ్చినప్పుడు తెలుగువాళ్ళు ఎంత ఆప్యాయంగా చేరదీశారో తెలిసిందే. ఉయెహాషి, ఒగివారా కూడా అలా మన ఇళ్ళకు రావాలి. ఈమె జపాన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది కనుక, మూలం నుంచి నేరుగా ఆ నవలల్ని తెలుగులోకి తెచ్చే పని ఈమే తలకెత్తుకోవాలని నా ఆశ.

తెలుగులో అద్భుత కథలు రాయాలనుకునే యువతీ యువకులకు ఈ పుస్తకాన్ని ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాను. కాకతీయుల కాలంలో కథ నడపాలంటే ఆ చెరువులు ఎవరు తవ్వారో, తూము ఎవరి ఆధీనంలో ఉండేదో తెలుసుకోండి. నల్లమల మీద రాయాలంటే చెంచుల కథలు వినండి. ఉయెహాషీ మియజాకీ తమ నేలకు చేసిన పని మన నేలకు మనం చెయ్యగలం. అందుకు కావలసిన చదివే పద్ధతిని ఈ అమ్మాయి శ్రద్ధగా, నిజాయితీగా మన చేతిలో పెట్టింది. ఈమె కలం ఇంకా ఎన్నో మంచి పుస్తకాలు రాయాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.