తప్పిపోయిన అవ్వను వెతికిన పిల్లలు

డిటెక్టివ్ కథ అంటే మన పిల్లలకు ఇష్టమే. హాస్టల్లో రాత్రి కరెంటు పోయాక ఒకడు కథ మొదలుపెడితే, దొంగ దొరికేదాకా పక్కవాడు నిద్రపోడు. అయితే ఆ కథల్లో మనం ఎక్కడున్నామని చూస్తే రెండే చోట్లు కనిపిస్తాయి. ఒకటి, అడవిలో నిధికి దారి చూపించి పక్కకు తప్పుకునే మనిషి. రెండు, దొంగ.

ఇది కథలు రాసేవాళ్ళ పొరపాటు మాత్రమే కాదు. 1871లో తెల్లదొరల ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చి, కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. 1911లో ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్ళ మీద ఆ ముద్ర పడింది. 1952లో ముద్ర తీసేశారు. కాగితం మీద కొట్టేసిన అనుమానం కథల్లో మాత్రం ఇంకా బతికే ఉంది.

అందుకే, ఆదివాసీ పిల్లలు అనుమానితులుగా కాక పరిశోధకులుగా కనిపించే ఒక పుస్తకం గురించి ఇక్కడ మాట్లాడదలిచాం. పేరు 'ద కేస్ ఆఫ్ ద మిస్సింగ్ ఆంటీ'. రాసినది మైకేల్ హచిన్సన్. కెనడాలో మానిటోబా ప్రాంతపు క్రీ ఆదివాసీ. 'మైటీ మస్క్‌రాట్స్' అనే వరుసలో ఇది రెండోది, 2020లో వచ్చింది. పదేళ్ళు దాటిన పిల్లలు హాయిగా చదువుకోగల పుస్తకం.

శామ్, ఆటర్, అతిమ్, చికడీ అనే నలుగురు ఒకే తాత మనవలు. విండీ లేక్ అనే ఆదివాసీ ఊరు వాళ్ళది. పాత స్కూలు బస్సునే కోటగా చేసుకుని ఆడుకుంటారు. ఊరివాళ్ళు వాళ్ళకు పెట్టిన పేరు మస్క్‌రాట్లు. మస్క్‌రాట్ అంటే చెరువుల్లో బతికే ఎలుక జాతి జంతువు. క్రీ వాళ్ళ ప్రళయ కథలో నీళ్ళ అడుగుకు మునిగి మట్టి తెచ్చేది, ఆ మట్టితో భూమి ఏర్పడేదీ ఈ చిన్న ప్రాణి వల్లనే. మన సంతాల్ల సృష్టి కథలో వానపాము చేసిన పని కూడా అదే. చిన్నవాళ్ళు అడుగుకు వెళ్ళి నిజాన్ని పైకి తేవడం రెండు చోట్లా ఉంది. ఆ పేరు ఈ పిల్లలకు అతికినట్టు సరిపోయింది.

నలుగురూ పట్నంలో జరిగే పెద్ద ఎగ్జిబిషన్ చూడాలని బయలుదేరతారు. అంతలో చికడీకి ఒక సంగతి తెలుస్తుంది. తాతయ్యకు ఒక చెల్లెలు ఉండేది. చిన్నప్పుడే ప్రభుత్వం వాళ్ళు పట్టుకెళ్ళి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికో దత్తత ఇచ్చేశారు. మళ్ళీ ఆమె జాడ లేదు. పుస్తకం పేరులో ఆంటీ అని ఉన్నా, మన వరసల్లో ఆమె ఆ పిల్లలకు అవ్వ. ఆ అవ్వను వెతకడమే కథ. దొరికిందా లేదా అన్నది మేము చెప్పం.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1951లో కెనడా తన ఇండియన్ చట్టాన్ని సవరించాక, శిశు సంక్షేమ శాఖలు ఆదివాసీ ఊళ్ళలోకి వచ్చాయి. 1980ల దాకా 20,000కు పైగా పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయారని అంచనా. ఎక్కువమందిని పెంచింది ఆదివాసులు కాని కుటుంబాలే. దీన్ని అక్కడివాళ్ళు 'సిక్స్టీస్ స్కూప్' అంటారు. స్కూప్ అంటే గరిటెతో తోడెయ్యడం. 2015లో మానిటోబా ప్రభుత్వం దీనికి క్షమాపణ చెప్పింది.

ఇప్పుడు ఈ పుస్తకం గొప్పదనం ఏమిటో చూద్దాం. ఎనిడ్ బ్లైటన్ 1942లో మొదలుపెట్టిన ఫేమస్ ఫైవ్ పుస్తకాలు మన పట్టణాల్లో పిల్లలు ఇప్పటికీ చదువుతారు. ఆ పిల్లలకు రహస్యమంటే సెలవుల్లో ఎదురయ్యే సంబరం. దొంగను పోలీసులకు అప్పగిస్తే కథ ముగుస్తుంది. ఇక్కడ దొంగను పట్టి ఇవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే ఎత్తుకుపోయినది సర్కారే. నేరం చీకట్లో జరగలేదు, పట్టపగలు సంతకంతో, ముద్రతో జరిగింది. కాబట్టి పిల్లలు ఆఫీసు మెట్లు ఎక్కాలి, ఫైలు అడగాలి, తెలిసిన పెద్దల్ని కదిలించాలి. భూతద్దం పట్టుకునే డిటెక్టివ్‌కు ఇది కొత్త పని. మనకు మాత్రం రోజూ తెలిసిన పనే.

లోపం లేదా అంటే ఉంది. అక్కడక్కడ కథ ఆగి పాఠం మొదలవుతుంది. పెద్దవాళ్ళు చరిత్రను వివరంగా చెబుతుంటే, వెతుకులాట వేగం తగ్గుతుంది. ఆ చరిత్ర వాళ్ళ పుస్తకాల్లో చాలాకాలం లేదు కాబట్టి రచయిత తొందర మాకు అర్థమవుతుంది. కానీ పిల్లవాడు పేజీ తిప్పేది పాఠం కోసం కాదు, అవ్వ ఏమైందో అని. మన రచయితలు పిల్లలకు రాసేటప్పుడు ఈ జాగ్రత్త తీసుకోవాలి.

మన ఆశ్రమ పాఠశాలలు, అక్కడ జరిగినదీ ఒకటే అని మేము అనడం లేదు. మేమూ అలాంటి బడుల్లో చదివే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాం. అయినా ఒక్క విషయం ఆలోచించండి. పుట్టిన వారాన్ని బట్టి అమ్మ పిలిచిన పేరు రిజిస్టరులోకి ఎక్కేసరికి, సారు నోటికి తిరిగే పేరుగా మారిపోయింది. తండ్రి పేరు రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటుంది. కుల ధ్రువపత్రం దగ్గరా, అటవీ హక్కుల పట్టా దగ్గరా ఆ ఒక్క అక్షరమే అడ్డం పడుతుంది. పోలవరం ముంపులో గూడేలు చెదిరి తలో కాలనీకి పోయాక, ఎవరు ఏ ఊరి వాళ్ళో చెప్పగలిగే ముసలివాళ్ళు తగ్గిపోతున్నారు. తప్పిపోయిన అవ్వలు మన దగ్గర కూడా ఉన్నారు.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఈ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మీరు చదివి, రోజుకొక అధ్యాయం చొప్పున తెలుగులో చెప్పండి. కోయలోనో గోండిలోనో కువిలోనో చెప్పగల పెద్ద పిల్లలుంటే వాళ్ళతో చెప్పించండి. తర్వాత ప్రతి పిల్లకూ ఒక కేసు ఇవ్వండి: మీ తాత అసలు పేరేమిటి? మీ ఊరికి ఆ పేరు ఎవరు పెట్టారు? మీ ఇంట్లో ఎవరి గురించి మాట్లాడటం మానేశారు? వాళ్ళు దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని అడిగి రావాలి.

ఇక యువకులకు ఒక మాట. ఆ నోట్‌బుక్కులు పారెయ్యకండి. మన పిల్లలకు రేపు మనం రాయాల్సిన డిటెక్టివ్ కథ అందులోనే ఉంటుంది.