అరువు విశ్వాసం: భారత క్రికెట్ జెర్సీపై వాణిజ్యనామాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

భారత క్రికెట్ జట్టు జెర్సీపై 2001 నుండి మారుతూ వచ్చిన వాణిజ్యనామాలను ఒక వరుసగా చదివి, ఆ ప్రకటన ద్వారా నిజంగా చేతులు మారుతున్నది ఏమిటో నిర్ధారించడం ఈ వ్యాస లక్ష్యం. జెర్సీపై ఉన్న పేరు ఏ వాగ్దానమూ చేయదు. జట్టుపై ప్రజలకున్న నమ్మకాన్ని మాత్రం సంస్థకు అరువుగా ఇస్తుంది. ఆ నమ్మకం వమ్మయినప్పుడు పూచీ ఎవరిదన్న ప్రశ్నకు క్రీడాపాలకుల నిబంధనల్లోగాని, వినియోగదారుల చట్టంలోగాని తగిన సమాధానం లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జెర్సీ, ప్రాయోజకత్వం, వాణిజ్యనామం, సంకేతార్థం, విశ్వాసం, పూచీ.

1. ఉపోద్ఘాతం:

2025 సెప్టెంబరు 28న దుబాయిలో జరిగిన ఆసియా కప్ తుదిపోరులో భారత జట్టు పాకిస్తాన్‌ను ఓడించింది. హైదరాబాదుకు చెందిన తిలక్ వర్మ అజేయంగా 69 పరుగులు చేశాడు. ఆ పోటీలన్నింటిలోనూ భారత ఆటగాళ్ల ఛాతీపై దేశం పేరే తప్ప ప్రాయోజక సంస్థ పేరు లేదు. దీన్ని క్రికెట్ పాలకుల నైతిక నిర్ణయంగా పొరబడకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేయడంతో అప్పటి ప్రాయోజక సంస్థ డ్రీమ్11 తప్పుకుంది. కొత్త సంస్థ ఖరారయ్యేలోగా పోటీలు మొదలయ్యాయి. ఆ ఖాళీ అలా ఏర్పడింది.

అపోలో టైర్స్ సంస్థ 2028 మార్చి వరకు రూ.579 కోట్లకు ఆ చోటును దక్కించుకుంది. వార్తాపత్రికల్లో చర్చ ఎక్కువగా ఈ అంకె చుట్టూ సాగింది. అంతకుముందు ఆ చోటులో ఎవరెవరి పేర్లు ఉండేవి, వారి వ్యాపారాల స్వభావమేమిటి, అవి చివరకు ఏమయ్యాయి అన్న విచారణ అంతగా జరగలేదు. జెర్సీని ఒక పాఠ్యంగా తీసుకొని ఆ విచారణ చేయడానికి ఈ వ్యాసం పూనుకుంటుంది.

2. ముద్ర స్థానంలో వ్యాపారచిహ్నం:

క్రీడాదుస్తులపై మొదట చోటు పొందింది ఊరు, సంఘం, దేశం అనే గుర్తింపులు. వాటి సరసన వాణిజ్యనామం చేరడానికి సాగిన పెనుగులాటకు ఐరోపా ఫుట్‌బాల్ చరిత్రలో రెండు ఉదాహరణలు ముఖ్యమైనవి. 1973లో పశ్చిమ జర్మనీకి చెందిన ఐన్‌ట్రాక్ట్ బ్రౌన్‌ష్వైగ్ క్లబ్బు తన చొక్కాలపై యేగర్‌మైస్టర్ అనే మద్యం సంస్థ ప్రకటన వేయబోగా, ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య అడ్డు చెప్పింది. అప్పుడు క్లబ్బు తన సింహం ముద్రను వదులుకొని, ఆ మద్యం సీసాపై కనిపించే దుప్పితల బొమ్మనే అధికారిక చిహ్నంగా స్వీకరించింది. 1976లో ఇంగ్లండులోని కెటరింగ్ టౌన్ క్లబ్బు చొక్కాలపై 'కెటరింగ్ టైర్స్' అని రాయించుకోగా, తొలగించమని ఫుట్‌బాల్ సంఘం ఆదేశించింది. క్లబ్బు దాన్ని 'కెటరింగ్ టి' అని కుదించి, ఆ 'టి' టౌన్‌కు సంకేతమని వాదించింది.

ఈ రెండు ఘటనలను సాధారణంగా వినోదం కోసం చెప్పుకుంటారు. వాటిలో ఒక సిద్ధాంతం దాగి ఉంది. రెండు సందర్భాల్లోనూ ప్రకటన తన రూపాన్ని మరుగుపరచుకొని జట్టు ముద్రగా చలామణి కావాలని చూసింది. నిషేధాన్ని తప్పించుకోవడానికి పన్నిన ఉపాయమే ఆ ప్రకటన విలువ ఎక్కడుందో బయటపెట్టింది. మైదానం చుట్టూ నిలిపిన ప్రకటన ఫలకాన్ని ప్రేక్షకుడు ప్రకటనగానే చూస్తాడు. జెర్సీపై ఉన్న పేరును జట్టులో భాగంగా చూస్తాడు.

బార్సిలోనా క్లబ్బు అనుభవం దీనికి మరో ముఖం. 1899లో ఏర్పడిన ఆ క్లబ్బు శతాబ్దానికి పైగా చొక్కాపై ఏ సంస్థకూ చోటివ్వలేదు. 2006లో తానే సొమ్ము చెల్లిస్తూ యునిసెఫ్ పేరును ధరించింది. 2011 నుండి ఖతార్ ఫౌండేషన్ పేరును, 2013 నుండి ఖతార్ ఎయిర్‌వేస్ పేరును డబ్బు తీసుకొని ధరించింది. ఎవరికీ అమ్మని చోటుగా గడించిన గౌరవం అమ్మకం వేళ ధరలో చేరుతుందని ఈ క్రమం సూచిస్తుంది.

3. భారత జెర్సీపై పేర్ల వరుస:

1990వ దశకంలో భారత క్రికెట్‌తో ముడిపడిన ప్రధాన వాణిజ్యనామం ఐటీసీ వారి విల్స్. భారత్, పాకిస్తాన్, శ్రీలంక కలిసి నిర్వహించిన 1996 ప్రపంచకప్పుకే విల్స్ పేరు పెట్టారు. పొగాకు ప్రకటనలను నియంత్రించే బిల్లు సిద్ధమవుతున్న తరుణంలో, 2001లో ఐటీసీ క్రీడాప్రాయోజకత్వం నుండి వైదొలగింది. చట్టం 2003లో వచ్చింది.

2001 నుండి 2013 చివరి వరకు జెర్సీపై సహారా పేరు ఉంది. ఆ సమూహం పూర్తి పేరు సహారా ఇండియా పరివార్. సహారా, ఇండియా అనే రెండు పదాలు ఒకే ఛాతీపైకి చేరినప్పుడు దేశం పేరు, సంస్థ పేరు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. హిందీలో ఆ మాటకు ఆసరా అని అర్థం. సామాన్యుల నుండి సొమ్ము సేకరించే సంస్థకు ఇంతకు మించిన ప్రచారం ఉండదు. ఆ సమూహానికి చెందిన రెండు కంపెనీల నిధుల సేకరణపై సెబీ 2010 నవంబరులో ఆంక్షలు విధించింది. సుమారు మూడు కోట్ల మంది మదుపరులకు రూ.24,000 కోట్లకు పైగా సొమ్మును వడ్డీతో తిరిగి చెల్లించాలని సుప్రీంకోర్టు 2012 ఆగస్టు 31న తీర్పు చెప్పింది. తీర్పు తరువాత కూడా ఏడాదికి పైగా ఆ పేరు జెర్సీపై కొనసాగింది. ఆ సమూహానికి చెందిన సహకార సంఘాల డిపాజిటుదారుల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ప్రత్యేక పోర్టల్ తెరవవలసి వచ్చింది. జెర్సీపై నుండి పేరు తొలగిపోయి అప్పటికి పదేళ్లు కావస్తోంది.

తరువాత ప్రసార సంస్థ స్టార్ ఇండియా, 2017లో ఫోన్ల సంస్థ ఒప్పో వచ్చాయి. ఐదేళ్లకు రూ.1,079 కోట్లతో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పో 2019లో మధ్యలోనే బైజూస్‌కు బదలాయించింది. కౌలుహక్కు చేతులు మారినట్లు దేశపు జట్టు ఛాతీ చేతులు మారింది. బైజూస్ పేరు 2023 మార్చి వరకు ఉంది. కోర్సులను అంటగట్టే పద్ధతులపై వచ్చిన ఆరోపణల మీద 2022 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఆ సంస్థ అధిపతికి సమన్లు జారీ చేసింది. ప్రాయోజకత్వపు బకాయి సుమారు రూ.158 కోట్లు రాలేదని భారత క్రికెట్ నియంత్రణ మండలి (బీసీసీఐ) వేసిన పిటిషన్‌ను జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ 2024 జూలైలో స్వీకరించి, దివాలా ప్రక్రియకు ఆదేశించింది. 2023 జూలైలో మూడేళ్లకు రూ.358 కోట్లతో వచ్చిన డ్రీమ్11 గడువు తీరకుండానే నిష్క్రమించింది.

ఈ పేర్లన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఫోను, టైరు చేతితో పట్టుకొని చూడగల వస్తువులు. కొన్నవాడికి వాటి మంచిచెడ్డలు త్వరగానే తెలుస్తాయి. సహారా, బైజూస్, డ్రీమ్11 వ్యాపారాలు వేరు. డిపాజిటు, చదువు, పందెం అన్న మూడింటిలోనూ డబ్బు ముందు చెల్లించాలి. ఫలితం తరువాత తేలుతుంది. అటువంటి వ్యాపారానికి పెట్టుబడి కంటే ముందు కావలసింది నమ్మకం. 2001 నుండి 2025 వరకు గడిచిన సుమారు 24 సంవత్సరాలలో దాదాపు 18 ఏళ్లు జెర్సీపై ఈ మూడు పేర్లే ఉన్నాయి. దీన్ని కాకతాళీయమని తోసిపుచ్చడం కష్టం. నమ్మకం ఎవరికి ఎక్కువ అవసరమో, దాని కోసం ఎక్కువ ధర చెల్లించడానికి వారే ముందుకు వస్తారు. వేలం పద్ధతిలో ఆ చోటు వారికే దక్కుతుంది.

4. ఏమీ చెప్పని ప్రకటన:

ఒక గుర్తుకున్న సొంత అర్థాన్ని ఖాళీ చేసి, అందులో మరో భావాన్ని నింపి, దాన్ని సహజమైనదిగా చూపడమే ఆధునిక 'మిథ్' పనితీరు అని ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో వెలువడిన 'మిథాలజీస్'లో వివరించాడు. జెర్సీకి ఈ పరికరం చక్కగా అన్వయిస్తుంది. నీలిరంగు, దేశం పేరు, ఆటగాడి శ్రమ కలిసి కొన్ని దశాబ్దాలుగా పోగుచేసిన అర్థం ఒకటుంది. వాణిజ్యనామం దానిపై కొత్తగా ఏ వాక్యమూ రాయదు. ఆ అర్థం పక్కన మౌనంగా నిలబడుతుంది. సంబంధాన్ని కలిపేది చూసేవాడి మనసే.

ఈ మౌనానికి చట్టపరమైన ప్రయోజనం కూడా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 21వ సెక్షన్ తప్పుదారి పట్టించే ప్రకటనలను సమర్థించేవారికి రూ.10 లక్షల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా విధించే అధికారాన్ని కేంద్ర ప్రాధికార సంస్థకు ఇచ్చింది. వ్యక్తి పేరు, రూపాలతో పాటు సంస్థ పేరును, ముద్రను చూపి వినియోగదారునిలో నమ్మకం కలిగించడాన్ని కూడా చట్టం సమర్థన నిర్వచనంలో చేర్చింది. కాని శిక్షకు ప్రకటన తప్పుదారి పట్టించేదై ఉండాలి. టీవీలో 'ఈ కోర్సు చేరితే ర్యాంకు ఖాయం' అన్న నటుణ్ణి ప్రశ్నించవచ్చు. జెర్సీపై పేరు మాత్రమే ఉంటుంది. పేరు అబద్ధం కాదు. జట్టు మొత్తం, దేశం ముద్రతో సహా, ఒక సంస్థకు పూచీ పడినట్లు కనిపిస్తున్నా, ప్రశ్నించడానికి ఒక్క వాక్యమైనా దొరకదు. అన్ని ప్రకటనల కంటే బలమైనది అన్నిటికంటే తక్కువ జవాబుదారీ కలిగి ఉండటం ఇక్కడి వైరుధ్యం.

5. సొంత రాష్ట్రంలో చెల్లని పేరు:

డ్రీమ్11 కాలం ఈ వైరుధ్యాన్ని తెలుగు రాష్ట్రాలకు దగ్గరగా తెచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద నిరోధక చట్టాలను సవరించి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఈ రాష్ట్రాల వారిని డబ్బు పోటీల్లోకి ఆ సంస్థ కూడా అనుమతించలేదు. అయినా హైదరాబాదు నుండి వచ్చిన మహమ్మద్ సిరాజ్, తిలక్ వర్మ ఆ పేరును ఛాతీపై ధరించి ఆడారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి శతకం సాధించినప్పుడు అతని చొక్కాపై ఉన్నది కూడా అదే పేరు. తమ ఊళ్లో డబ్బు పెట్టి ఆడటానికి వీలులేని ఆటకు ఆటగాళ్లు ప్రపంచం ముందు నడిచే ప్రకటనలయ్యారు.

ఇందులో ఆటగాళ్ల దోషం లేదు. ఒప్పందం మండలిది, దేహం ఆటగాడిది. దక్షిణాఫ్రికా బ్యాటరు హషీమ్ ఆమ్లా తన మతవిశ్వాసం కారణంగా కాజిల్ బీరు చిహ్నం లేని చొక్కా ధరించడానికి అక్కడి క్రికెట్ సంఘం సమ్మతించింది. అది వ్యక్తిగత మినహాయింపు మాత్రమే. జట్టుకు ఎంపికైన కొత్త ఆటగాడికి అటువంటి అభ్యంతరం తెలిపే స్థైర్యం ఉంటుందని ఆశించలేం.

మండలికి ఈ విషయం తెలియదనడానికి వీలులేదు. 2023 నాటి టెండరు ప్రకటనలో పొగాకు, మద్యం, బెట్టింగ్, క్రిప్టో వ్యాపారాలతో పాటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలనూ నిషేధిత జాబితాలో చేర్చి, ఫాంటసీ క్రీడలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఫాంటసీ క్రీడ నైపుణ్యంతో కూడినదని కొన్ని హైకోర్టులు చెప్పిన మాట నిజమే. దేశంలో కొన్ని రాష్ట్రాలు నిషేధించిన వ్యాపారాన్ని దేశం మొత్తానికి ప్రాతినిధ్యం వహించే జట్టుపై ముద్రించవచ్చా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆ మినహాయింపులో చోటు లేదు.

6. ప్రతివాదాల పరిశీలన:

ప్రాయోజకుల సొమ్ము లేనిదే క్రీడ ఎదగదన్న వాదంలో బలముంది. 1983లో ప్రపంచకప్పు గెలిచిన జట్టుకు బహుమానం ఇవ్వడానికి మండలి దగ్గర సొమ్ము లేక, ఢిల్లీలో లతా మంగేష్కర్ కచేరీ ఏర్పాటు చేసి నిధులు సమకూర్చారు. ఆ స్థితికి తిరిగి వెళ్లాలని ఎవరూ కోరరు. ఇక్కడి ప్రశ్న ప్రకటన ఉండాలా వద్దా అన్నది కాదు. ఎవరి పేరు, ఏ పూచీతో అన్నది.

హాకీ మరో మార్గాన్ని చూపింది. 2018 నుండి ఒడిశా ప్రభుత్వం జాతీయ హాకీ జట్లకు ప్రాయోజకత్వం వహిస్తోంది. పన్ను చెల్లించేవారి సొమ్మును ఇందుకు వెచ్చించవచ్చా అన్న విమర్శ అక్కడ ఉండనే ఉంది. అయితే ఆ పేరు వెనుక శాసనసభ, ఆడిట్, ఎన్నికలు అనే జవాబుదారీ వ్యవస్థలున్నాయి. క్రికెట్ జెర్సీపై వచ్చిన పేర్లకు అటువంటి ఆధారం లేదు.

అంతర్జాతీయ క్రికెట్ మండలి పోటీల్లో ఛాతీపై దేశం పేరు ఉంటుంది. ప్రాయోజక సంస్థ పేరు చేతిపట్టీ మీదికి జరుగుతుంది. ఛాతీపై వాణిజ్యనామం అనివార్యం కాదని ఆ నిబంధనే నిరూపిస్తోంది.

7. ముగింపు:

'అరువు సొమ్ము బరువు చేటు' అన్నది తెలుగు సామెత. జెర్సీ విషయంలో అరువు తీసుకున్నది సంస్థ, ధర పుచ్చుకున్నది మండలి, బరువు మోసింది ప్రేక్షకుడు. జెర్సీ చూసి ఎంతమంది డబ్బు కట్టారో లెక్క తేల్చడం సాధ్యం కాకపోవచ్చు. నమ్మకం బదిలీ అవుతుందన్న లెక్కతోనే సంస్థలు వందల కోట్లు చెల్లిస్తున్నాయి కాబట్టి, ఆ బదిలీ జరగదని మండలి చెప్పజాలదు. బకాయి రానప్పుడు మండలికి ట్రిబ్యునల్ ఉంది. డిపాజిటుదారుడికి, కోర్సు కొన్న తల్లిదండ్రులకు మండలిని అడిగే దారి లేదు.

అందువల్ల టెండరు అర్హతలు ధరతో పాటు సంస్థపై ఉన్న నియంత్రణ సంస్థల ఉత్తర్వులను, ఆ వ్యాపారానికి ఉన్న రాష్ట్రాల నిషేధాలను లెక్కలోకి తీసుకోవాలి. న్యాయస్థానం సొమ్ము వాపసు ఆదేశించిన రోజే పేరు తొలగించే షరతు ఒప్పందంలో ఉండాలి. వాక్యం లేని పేరును కూడా సమర్థనగా పరిగణించే స్పష్టత వినియోగదారుల చట్టంలో రావాలి. టైర్ల సంస్థ పేరు వచ్చినంత మాత్రాన ఈ అవసరం తీరిపోలేదు. నిబంధనలు మారకపోతే, 2028లో ఆ చోటు మళ్లీ వేలానికి వచ్చినప్పుడు నమ్మకం అవసరమైన మరో వ్యాపారం సిద్ధంగా ఉంటుంది.