బీరువాలో బేతాళుడు

మా ఊరి హైస్కూల్లో శనివారం చివరి పీరియడు నాకు వదిలేశారు. బీరువా తాళం తీసి పిల్లల చేత పుస్తకాలు చదివించడం నా పని. రిటైరైన మాస్టారికి అంతకన్నా ఏం కావాలి!

మొదటి ఏడాది చేసిన ఘనకార్యం ముందే ఒప్పుకుంటాను. పిల్లలు అన్ని రకాలూ చదవాలని ఒక కార్డు గీశాను. కథ, కవిత, నాటకం, జీవితచరిత్ర, యాత్ర, సైన్సు... మొత్తం పది గళ్లు. గడికో పుస్తకం చదివి రెండు ముక్కలు రాయాలి. అన్నీ నిండితే పెన్ను బహుమతి. నెల తిరక్కుండా సగం క్లాసుకు పెన్నులొచ్చాయి. కార్డులు తిరగేస్తే ఒకే వాక్యం నాలుగు చేతిరాతల్లో కనిపించింది. అట్ట వెనక ఉన్నది ఎక్కించేశారు! వాళ్లనేం అంటాను? చదవడాన్ని హోంవర్కు చేసింది నేనే.

కార్డులు మానేశాక ఎనిమిదో తరగతి కుర్రాడొకడు నాకు దారి చూపించాడు. నేను ఇంటి నుంచి తెచ్చిపెట్టిన చందమామ బైండ్లు తప్ప వాడు వేరేవి ముట్టేవాడు కాదు. 1947లో పుట్టిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు గానీ, వాడికా దిగులు లేదు. బైండ్లలోనూ బేతాళ కథలే చదువుతాడు.

"దయ్యాలంటే అంత ఇష్టమేంట్రా?" అన్నాను.

"దయ్యం కోసం కాదు సార్. చివర్లో ప్రశ్న ఉంటది కదా. జవాబు మీద చెయ్యి పెట్టి, ముందు నేనే చెప్పుకుంటా."

ఏ పుస్తకం నచ్చిందని ఇన్నాళ్లూ అడిగాను, అందులో ఏం నచ్చిందని అడగలేదు. వాడికి కావలసింది చిక్కుముడి. మరుసటి వారం లెక్కల తమాషాల పుస్తకం చేతిలో పెట్టాను. లెక్కలని చెప్పలేదు.

ఇంకో అమ్మాయి 'బుడుగు' వదిలేది కాదు. ఏం నచ్చిందంటే, పెద్దవాళ్లు మామూలుగా చేసేవన్నీ ఆ బుడుగుకి వింతగా కనిపిస్తాయంది. అలాంటి చూపే కావాలంటే మొగల్తూరు నుంచి లండన్ వెళ్లిన బారిస్టర్ పార్వతీశం ఉన్నాడుగా! అది అయ్యాక ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' తీశాను. రైళ్లు లేని 1830లో మద్రాసు నుంచి బయల్దేరి పదిహేను నెలలు తిరిగొచ్చిన దుబాసీ ఆయన. భాష పాతది కనక రెండు పేజీలు నేనే పైకి చదివాను. "ఏ ఊళ్లో నీళ్లున్నాయో, కొట్లున్నాయో కూడా రాసుకున్నాడా సార్!" అని నోరు తెరిచింది. హాస్యం నుంచి యాత్రకు రెండంగలే.

అరలు బీరువా సర్దుకోవడానికి. పిల్లల ఇష్టం అరలకు అడ్డంగా పోతుంది. అది ఎటు పోతోందో చూసి, పక్క పుస్తకం అందివ్వడమే మన వంతు. అందిచ్చినా తీసుకోని వాళ్లుంటారు. ఏడాదిగా డిటెక్టివ్ కథలు దాటని పిల్ల ఉంది. ఉండనీ. ఆమె ఇష్టం ఎక్కడుందో నాకింకా అందలేదంతే.

మొన్న బేతాళుడి కుర్రాడు వచ్చాడు. పులి, మేక, గడ్డిమోపు. పడవలో ఒక్కసారికి ఒక్కటే పడుతుంది. ఏరు దాటించడం ఎలా? "జవాబు తెలిసీ చెప్పలేదో, మీ తల ఏమవుతుందో తెలుసుగా సార్!"

"ముందు మేకని..." అంటూ నోరు విప్పాను. అంతే, మౌనభంగమైంది. వాడు పుస్తకంతో సహా మళ్లీ బీరువా దగ్గర తేలాడు.